ఫోను మీ చోటు చెబుతోంది: ఎవరికి, ఎంత దగ్గరగా, ఎంతసేపు?

ఫోనులో లొకేషన్‌ను చాలామంది ఇంట్లో దీపం స్విచ్‌లా వాడతారు. భయం వేస్తే ఆర్పేస్తారు, దారి తప్పితే వెలిగిస్తారు, ఆ తరువాత దాని సంగతే మరచిపోతారు. కానీ దాని వెనుక ఉన్నది ఒక స్విచ్ కాదు. ప్రతి యాప్ విషయంలోనూ మీరు విడివిడిగా తేల్చుకోవలసిన ప్రశ్నలు మూడు ఉన్నాయి: మీ చోటు ఎవరికి తెలియాలి, ఎంత దగ్గరగా తెలియాలి, ఎంతసేపు తెలియాలి. మిమ్మల్ని కలవడానికి బయలుదేరిన స్నేహితుడికి ఒక గంటపాటు వీధి మలుపు దాకా తెలిస్తే మేలే. డేటింగ్ యాప్‌లో నిన్న పరిచయమైన మనిషికి ఊరు తెలిస్తే చాలు. ప్రకటనల సంస్థకు అసలేమీ తెలియకపోయినా మీకు పోయేది లేదు. కింది మెట్లను ఫోను చేతిలో పెట్టుకుని, ఒక్కొక్కటీ చేస్తూ చదవండి.

మొదటి మెట్టు: ఫోను తన చోటును ఎలా కనిపెడుతుందో తెలుసుకోండి

"జీపీఎస్ ఆపేశాను, ఇక నేనెక్కడున్నానో ఎవరికీ తెలియదు" అనే మాట సగమే నిజం.

జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ కచ్చితమైన సమయాన్ని ప్రసారం చేస్తుంటాయి. ఫోను దాన్ని వింటుంది, అంతే. ఉపగ్రహానికి తిరిగి ఏమీ చెప్పదు. సంకేతం చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి ఒక్కో ఉపగ్రహం ఎంత దూరంలో ఉందో లెక్క వేసుకుంటుంది. చోటు తేలడానికి మూడు దూరాలు కావాలి. ఫోనులోని మామూలు గడియారపు తప్పును సరిదిద్దడానికి నాలుగో ఉపగ్రహం కావాలి. గడియారం సెకనులో పది లక్షలో వంతు తప్పినా దూరం 300 మీటర్లు తేడా వస్తుంది మరి. 2000 మే వరకు అమెరికా ప్రభుత్వం పౌరులకు అందే సంకేతాన్ని కావాలనే కొంత చెడగొట్టి పంపేది. ఆ పని మానుకున్నాకే వీధి స్థాయి కచ్చితత్వం అందరి చేతికీ వచ్చింది. ఈ వ్యాసంలోని లొకేషన్ వ్యాపారాలు దాదాపు అన్నీ ఆ తరువాత పుట్టినవే.

అంటే మీ చోటు ఉపగ్రహానికి తెలియదు, ఫోనుకు తెలుసు. ఫోను ఏ యాప్‌కు చెబుతోంది, ఆ యాప్ మరెవరికి చేరవేస్తోంది అన్నదే మనం పట్టించుకోవలసిన సంగతి.

భవనాల లోపల ఉపగ్రహ సంకేతం సరిగా అందదు. అక్కడ వైఫై పనిచేస్తుంది. ప్రతి రౌటర్ తన గుర్తింపు సంఖ్యను నిరంతరం ప్రసారం చేస్తుంటుంది. ఏ రౌటర్ ఎక్కడుందో చెప్పే భారీ పట్టికలు గూగుల్, ఆపిల్ వంటి సంస్థల దగ్గర ఉన్నాయి. చుట్టుపక్కల నాలుగైదు రౌటర్లు వినిపిస్తే చాలు, దేనికీ కనెక్ట్ కాకపోయినా చోటు తేలిపోతుంది. సెల్ టవర్లతో వందల మీటర్ల నుంచి కొన్ని కిలోమీటర్ల వరకు అంచనా వేయవచ్చు. దుకాణాల్లో అమర్చే చిన్న బ్లూటూత్ పరికరాలైతే మీరు ఏ అర ముందు నిలబడ్డారో కూడా పసిగట్టగలవు.

ఇది తెలిసి ఉండడం ఎందుకు ముఖ్యమో ఒక ఉదాహరణ చెబుతాను. ఇన్‌మొబి అనే ప్రకటనల సంస్థ, లొకేషన్ అనుమతి నిరాకరించినవారి చోటును కూడా చుట్టూ ఉన్న వైఫై వివరాలతో ఊహించి వాడుకుందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2016లో ఆ వ్యవహారం 9.5 లక్షల డాలర్ల చెల్లింపుతో ముగిసింది.

ఇక్కడ చేయవలసిన పని చిన్నదే. ఆండ్రాయిడ్ ఫోనులో లొకేషన్ సెట్టింగ్స్ లోపల వైఫై స్కానింగ్, బ్లూటూత్ స్కానింగ్ అని రెండు ఉంటాయి. వైఫై ఆపేసి ఉన్నా ఇవి వెతుకుతూనే ఉంటాయి. అవసరం లేకపోతే రెండూ ఆపండి.

రెండో మెట్టు: ఏ యాప్‌కు ఏ అనుమతి ఉందో చూడండి

సెట్టింగ్స్‌లో లొకేషన్ అనుమతుల జాబితా తెరవండి. "ఎప్పుడూ", "యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే", "ప్రతిసారీ అడుగు", "వద్దు" అనే వరుసల్లో యాప్‌లు కనిపిస్తాయి. వాడుతున్నప్పుడు మాత్రమే అనే విభజన ఆండ్రాయిడ్‌లో 2019లో, పదో వెర్షన్‌తో వచ్చింది. అదే ఏడాది ఐఫోనులో ఒక్కసారికి మాత్రమే అనుమతించే వీలు చేరింది. చాలాకాలంగా ఫోనులో పడి ఉన్న యాప్‌లకు ఎప్పుడో ఇచ్చిన అనుమతి అలాగే మిగిలి ఉండవచ్చు.

"ఎప్పుడూ" అనే వరుస ముందు చూడండి. పోయిన ఫోనును వెతికే సేవ, కుటుంబ సభ్యులతో మీరు కోరి పంచుకునే యాప్ తప్ప అక్కడ ఇంకేదైనా ఉంటే ఎందుకుందో తేల్చుకోవాలి. పరుగును నమోదు చేసే యాప్‌కు కూడా సాధారణంగా "వాడుతున్నప్పుడు" సరిపోతుంది. టార్చిలైటు యాప్‌కు మీ చోటుతో పనేమిటి?

తరువాత "కచ్చితమైన లొకేషన్" అనే మీట. ఇది ఐఫోనులో 2020 నుంచి, ఆండ్రాయిడ్‌లో 2021 నుంచి ఉంది. దీన్ని ఆపితే యాప్‌కు సుమారు ప్రాంతం మాత్రమే తెలుస్తుంది. ఆండ్రాయిడ్‌లో అది దాదాపు 3 చదరపు కిలోమీటర్ల పరిధి. వాతావరణం, వార్తలు, వస్తువులు అమ్మే యాప్‌లు, డేటింగ్ యాప్‌లు అన్నిటికీ అంతకన్నా ఎక్కువ అక్కరలేదు. దారి చూపేవాటికి, వాహనం పిలిచేవాటికి మాత్రం కచ్చితత్వం కావాలి. నా దృష్టిలో మొత్తం ఫోనులో ఇంత ఉపయోగపడే మీట మరొకటి లేదు. అయినా దీన్ని తాకినవారు తక్కువ.

ఏ యాప్‌కు ఎంత ఇవ్వాలో తెలియకపోతే అన్నిటినీ "ప్రతిసారీ అడుగు" మీద పెట్టి ఒక వారం గడపండి. అడగవలసిన అవసరం ఉన్నవి అడుగుతాయి. మిగిలిన వాటికి "వద్దు" పెట్టండి.

చరిత్రను కూడా వెతకండి. గూగుల్ ఖాతాలో మీరు వెళ్లిన చోట్లను నమోదు చేసే టైమ్‌లైన్‌తో పాటు వెబ్, యాప్ కార్యకలాపాలు అనే వేరే సెట్టింగ్ ఉంటుంది. మొదటిది ఆపినా రెండోది చోటును నమోదు చేస్తూ వచ్చిందనే ఆరోపణ మీదే గూగుల్ 2022లో అమెరికాలోని 40 రాష్ట్రాలకు 39.15 కోట్ల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది. కాబట్టి రెండూ చూసుకోవాలి. ఐఫోనులో ముఖ్యమైన ప్రదేశాలు అనే సెట్టింగ్ సిస్టమ్ సేవల అడుగున ఉంటుంది. ఒకసారి తెరచి చూడండి.

మూడో మెట్టు: స్నేహితులకు చూపే చుక్కకు గడువు పెట్టండి

తొలి రోజుల్లో చోటు చెప్పడం అంటే నిజంగా చెప్పడమే. 2000లో మొదలైన డాడ్జ్‌బాల్ అనే సేవలో ఫలానా చోట ఉన్నానని ఎస్ఎంఎస్ పంపితే అది స్నేహితులకు చేరేది. 2009లో వచ్చిన ఫోర్‌స్క్వేర్ దాన్ని చెక్‌ఇన్‌ల, అంటే ఫలానా చోటికి వచ్చానని నమోదు చేసుకునే ఆటగా మార్చింది. ఒక చోటికి అందరికన్నా ఎక్కువసార్లు వచ్చినవారిని అక్కడి మేయర్ అనేది. ఆ పద్ధతిలో ఒక మేలుంది: చెప్పాలనిపించినప్పుడే చెబుతారు, గొప్పగా కనిపించే చోట్లే చెబుతారు, మిగతా జీవితం మీదే.

2017లో స్నాప్‌చాట్ తెచ్చిన స్నాప్ మ్యాప్ వంటివి ఆ వరుసను తిరగేశాయి. ఇప్పుడు ఒకసారి ఒప్పుకుంటే చాలు, మీరు నోరు విప్పకపోయినా పటం మీద మీ చుక్క కదులుతూనే ఉంటుంది. దాచుకోవాలంటే పని కట్టుకుని దాచుకోవాలి. చుక్క మాయమైతే "ఎందుకు ఆపేశావు?" అనే ప్రశ్న వస్తుంది. చోటు చెప్పకపోవడమే ఒక సమాచారం అయిపోయింది. ఎవరెవరు ఎవరింట్లో కలిశారో, తనను ఎందుకు పిలవలేదో పటం చూసి తెలుసుకుని బాధపడే యువతకు ఈ మార్పు ఏమిటో నేను వేరే వివరించనక్కర లేదు.

అందువల్ల శాశ్వతంగా పంచుకోవడాన్ని మినహాయింపుగా, గడువుతో పంచుకోవడాన్ని అలవాటుగా చేసుకోండి. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్‌కు 15 నిమిషాలు, ఒక గంట, 8 గంటలు అనే గడువులు ఉన్నాయి. కలుసుకోవడానికి మొదటి రెండూ చాలు. స్నాప్ మ్యాప్‌లో చుక్కను దాచే గోస్ట్ మోడ్‌ను మొదటి రోజునుంచే పెట్టుకుంటే తరువాత ఎవరికీ సంజాయిషీ చెప్పవలసిన అవసరం రాదు. ప్రయాణపు ఫొటోలు ఆ చోటు విడిచాక పెట్టండి.

ఫొటోల లోపలా చోటు దాగి ఉంటుంది. 2012లో పోలీసులకు దొరకకుండా తిరుగుతున్న సాఫ్ట్‌వేర్ వ్యాపారి జాన్ మెకాఫీతో ఒక పత్రిక ఫొటో దిగి ప్రచురిస్తే, అందులోని అక్షాంశ రేఖాంశాలే ఆయన గ్వాటెమాలాలో ఉన్నాడని బయటపెట్టాయి. పెద్ద సామాజిక మాధ్యమాలు ఫొటో పెట్టేటప్పుడు ఈ వివరాలను తీసేస్తాయి. ఈమెయిల్‌లో గానీ డాక్యుమెంటుగా గానీ పంపితే అవి అలాగే వెళతాయి. కెమెరా యాప్‌కు లొకేషన్ అనుమతి తీసేయడమే తేలిక మార్గం.

వ్యాయామ యాప్‌లు వాడేవారు ఇంకొకటి గమనించాలి. పరుగు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అదే ఇల్లు. స్ట్రావా అనే వ్యాయామ యాప్ సంస్థ 2017 నవంబరులో ప్రచురించిన ప్రపంచ పటాన్ని 2018 జనవరిలో పరిశీలించినవారికి, ఎడారుల మధ్య సైనికులు పరుగెత్తిన దారులు వెలుగుతూ కనిపించాయి. అలా సైనిక స్థావరాల ఆకారాలే బయటపడ్డాయి. అందులో ఒక్కరి పేరూ లేదు. మొదలు, చివర భాగాలను దాచే సెట్టింగ్ ఇలాంటి యాప్‌లలో ఉంటుంది, పెట్టుకోండి.

నాలుగో మెట్టు: డేటింగ్ యాప్‌లో "2 కిలోమీటర్ల దూరం" అంటే ఏమిటో అర్థం చేసుకోండి

2009లో స్వలింగ సంపర్కులు ఎక్కువగా వాడే గ్రైండర్, 2012లో టిండర్, 2014లో దారిలో ఎదురుపడినవారిని చూపించే హాపెన్ వచ్చాయి. మూడింటికీ ప్రాణం లొకేషనే. పూర్వం సంబంధాన్ని చుట్టాలో స్నేహితులో కలిపేవారు. అందులో ఆ మనిషి గురించి తెలిసినవారి పూచీ ఉండేది. యాప్‌లో ఆ స్థానాన్ని దూరం ఆక్రమించింది. దగ్గరగా ఉండడం పూచీ కాదు, వీలు మాత్రమే. ఈ తేడాను మనసులో పెట్టుకుంటే చాలా పొరపాట్లు తప్పుతాయి.

ఇప్పుడు ఒక కాగితం తీసుకోండి. మీరు ఒక చోట నిలబడితే ఫలానా మనిషి 3 కిలోమీటర్ల దూరంలో ఉన్నట్లు యాప్ చూపింది. అంటే మీ చుట్టూ 3 కిలోమీటర్ల వ్యాసార్ధంతో గీసిన వలయం మీద ఎక్కడో ఉన్నట్లు. ఇంకో చోటికి వెళ్లి చూస్తే రెండో వలయం వస్తుంది. రెండూ రెండు బిందువుల దగ్గర ఖండించుకుంటాయి. మూడో వలయం వాటిలో అసలుది ఏదో తేల్చేస్తుంది. ఉపగ్రహాల లెక్కనే తిరగేసి మనిషి మీద ప్రయోగించడం ఇది. పైగా మూడు చోట్లకీ నడిచి వెళ్లనక్కర లేదు. ఫోనుకు దొంగ లొకేషన్ ఇచ్చి కుర్చీలో కూర్చునే చేయవచ్చు.

ఇది ఊహ కాదు. టిండర్ తెర మీద దూరాన్ని గుండ్రంగా చూపిస్తూనే, లోపల ఫోనుకు ఎన్నో దశాంశాల దాకా కచ్చితమైన సంఖ్యను పంపుతోందని ఇన్‌క్లూడ్ సెక్యూరిటీ అనే సంస్థ 2013లో కనిపెట్టింది. లోపాన్ని సరిచేశాక 2014లో వివరాలు బయటపెట్టింది. తెర మీద కనిపించేది వేరు, తీగల్లో ప్రవహించేది వేరు. అక్షాంశంలో దశాంశం తరువాత ఐదు అంకెలు ఉంటే చోటు మీటరు దాకా తెలుస్తుంది. రెండే ఉంటే సుమారు 1.1 కిలోమీటరు.

దూరానికి ప్రతిసారీ కొంత తప్పు కలిపి చూపితే సరిపోదా అనిపిస్తుంది. సరిపోదు. వందసార్లు అడిగి సగటు తీస్తే కలిపిన తప్పు కరిగిపోతుంది. పటాన్ని గళ్లుగా కోసి, గడిలో ఎక్కడున్నా ఒకే బిందువులో ఉన్నట్లు లెక్కించే పద్ధతి దీనికన్నా నయం. మీ యాప్ ఏ పద్ధతి పాటిస్తుందో మీకు తెలిసే అవకాశం తక్కువ. అందుకే రెండో మెట్టులోని మీట ఇక్కడ అక్కరకు వస్తుంది. కచ్చితమైన లొకేషన్‌ను ఫోనే ఇవ్వకపోతే యాప్ నుంచి అది జారిపోయే ప్రశ్నే లేదు.

చేయవలసినవి ఇవి. కచ్చితమైన లొకేషన్ ఆపండి. ప్రొఫైల్‌లో దూరం దాచే వీలుంటే దాచండి. చాలా యాప్‌లు తెరచినప్పుడల్లా చోటును కొత్తగా నమోదు చేస్తాయి కాబట్టి, దూరం దాచే వీలు లేని యాప్‌ను ఇంట్లోనూ పనిచేసే చోటా తెరవకపోవడం మంచిది. ఎదురుపడినవారిని చూపించే యాప్‌లు మీరు రోజూ వెళ్లే దారిని, వేళను చెప్పేస్తాయి. వాటిని రద్దీ ప్రదేశాలకే పరిమితం చేయండి. ఫోన్‌బుక్‌లోని పరిచయస్తులకు కనిపించకుండా చేసే సౌకర్యం ఉంటే వాడండి. స్వలింగ సంబంధాలు నేరమైన చోట ఇదంతా ప్రాణాలతో ముడిపడిన విషయం. ఈజిప్టు వంటి దేశాల్లో గ్రైండర్ దూరం చూపడాన్నే ఆపేయవలసి వచ్చింది.

అవతలి వైపు నుంచి కూడా ఆలోచించండి. తెర మీది దూరం నిజమని నమ్మనక్కర లేదు. డబ్బు కట్టి వేరే ఊరిలో ఉన్నట్లు కనిపించే సౌకర్యాన్ని టిండరే అమ్ముతుంది. కలిసేముందు వీడియో కాల్ ఒక్కటి ఆ సందేహం చాలావరకు తీరుస్తుంది. మొదటిసారి కలవడానికి వెళ్లేటప్పుడు మాత్రం లొకేషన్‌ను నిస్సంకోచంగా వాడండి. నమ్మకమైన స్నేహితురాలికో అన్నకో 8 గంటల గడువుతో పంపి, ఫలానా వేళకు ఫోను చేయమని చెప్పి వెళ్లండి.

ఐదో మెట్టు: ప్రకటనల గొలుసును తెంచండి

ప్రకటనలున్న యాప్ తెరచిన క్షణంలో తెర వెనుక ఒక వేలం జరుగుతుంది. ప్రకటనల కోసం మీ ఫోనుకు కేటాయించిన గుర్తింపు సంఖ్య, ఫోను రకం, అనుమతి ఉంటే అక్షాంశ రేఖాంశాలు ఆ వేలంలో పాల్గొనే సంస్థలకు వెళతాయి. సెకనులో చిన్న భాగంలో ఒకరు గెలిచి ప్రకటన చూపిస్తారు. గెలిచినవారి గురించి అందరూ మాట్లాడతారు. ఓడినవారికి కూడా మీ వివరాలు అందాయి కదా! వాటిని కూడబెట్టి అమ్ముకునేవారు ఉన్నారు. యాప్‌లో తమ కోడ్ ముక్కను పెట్టించి నేరుగా చోటు సేకరించేవారూ ఉన్నారు.

"పేర్లు ఉండవు, సంఖ్యలే ఉంటాయి" అనేది వారి జవాబు. రాత్రిళ్లు ఒక చోట, పగళ్లు ఒక చోట ఆగే చుక్క ఎవరిదో కనుక్కోవడానికి పేరు కావాలా? 15 లక్షల మంది 15 నెలల ఫోను కదలికలను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఎక్కడ, ఎప్పుడు అనే నాలుగు బిందువులు తెలిస్తే 95 శాతం మందిని మిగతావారినుంచి విడదీయవచ్చని తేలింది. 2019లో న్యూయార్క్ టైమ్స్‌కు చేరిన ఒక్క దస్త్రంలో 1.2 కోట్ల ఫోన్ల 5,000 కోట్ల బిందువులు ఉన్నాయి. 2021లో అమెరికాలో ఒక క్యాథలిక్ మతాధికారి, మార్కెట్లో దొరికే డేటాలోని డేటింగ్ యాప్ జాడలు ఆయనవేనని ఒక వార్తా సంస్థ గుర్తించడంతో పదవి వదులుకున్నారు. డేటింగ్, ప్రకటనలు వేర్వేరు గదులు కావు. మధ్య తలుపు తెరిచే ఉంటుంది.

దాన్ని మూయడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆండ్రాయిడ్‌లో ప్రైవసీ విభాగంలోని ప్రకటనల పేజీకి వెళ్లి ప్రకటన గుర్తింపు సంఖ్యను తొలగించండి. ఐఫోనులో ట్రాకింగ్ అనే చోట, అనుమతి అడిగే అవకాశాన్నే యాప్‌లకు తీసేయండి. గుర్తింపు సంఖ్య లేకపోతే ఈ రోజు చుక్కను నిన్నటి చుక్కతో కలపడం కష్టమవుతుంది. రెండో మెట్టులో అనుమతులు తగ్గించి ఉంటే కలపడానికి చుక్కలే తక్కువ ఉంటాయి.

ఆరో మెట్టు: అమ్మేది మీరే అయితే

చిన్న వ్యాపారం నడిపేవారికి జియోఫెన్స్ ఆకర్షణీయంగా కనిపిస్తుంది. పటం మీద ఒక వలయం గీసి, అందులోకి వచ్చినవారి ఫోనుకు సందేశం పంపడమే అది. 2018లో బర్గర్ కింగ్, తన పోటీదారు మెక్‌డొనాల్డ్స్ శాఖలకు 600 అడుగుల లోపలికి వచ్చినవారికే నామమాత్రపు ధరతో తన వంటకాన్ని ఇచ్చింది. యాప్ డౌన్‌లోడ్లు పది లక్షలు దాటాయి. అది గెలిచింది సాంకేతికత వల్ల కాదు, చిలిపితనం వల్ల. వినియోగదారుడు ఆటలో తెలిసి పాల్గొన్నాడు.

మీరు గీయాలనుకుంటే వ్యాసార్ధం 100 నుంచి 150 మీటర్లకు తగ్గించవద్దు. గూగుల్ ఇచ్చే సూచన కూడా అదే. యాప్ తెర మీద లేకుండా వెనుక నడుస్తున్నప్పుడు ఆండ్రాయిడ్ రెండు మూడు నిమిషాలు ఆలస్యంగా స్పందిస్తుంది. 50 మీటర్ల వలయం గీస్తే వాహనంలో వెళ్లేవారు దాటిపోయాక సందేశం వస్తుంది. వలయంలో కొంతసేపు ఆగినవారికే పంపే పద్ధతి వాడితే దారినపోయేవారిని విసిగించరు. ఐఫోనులో ఒక యాప్ 20 వలయాలను, ఆండ్రాయిడ్‌లో 100 వలయాలను మాత్రమే గమనించగలదు. శాఖలు ఎక్కువ ఉంటే దగ్గరి వాటినే ఎంచుకోవాలి.

అనుమతిని యాప్ తెరవగానే అడగకుండా, దాని ఉపయోగం కళ్లముందు కనిపించినప్పుడు అడగండి. అక్షాంశ రేఖాంశాలకు బదులు "ఫలానా శాఖ దగ్గర" అని మాత్రమే నమోదు చేసుకోండి, పాతవాటిని చెరిపేయండి. మీ దగ్గర లేని డేటా చోరీకి గురికాదు. ఐరోపా డేటా రక్షణ నిబంధన లొకేషన్‌ను వ్యక్తిగత సమాచారంగా పేరు పెట్టి మరీ చెబుతోంది. 2024లో ఎక్స్-మోడ్ అనే డేటా వ్యాపారి, సున్నితమైన ప్రదేశాలకు వెళ్లినవారి వివరాలు అమ్మకుండా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అడ్డుకుంది. నిజం చెప్పాలంటే, పటాల్లో మీ దుకాణం వేళలు, ఫోను నంబరు, ప్రవేశ ద్వారం సరిగా ఉంచడం చాలా వలయాలకన్నా ఎక్కువ పని చేస్తుంది. వెతుక్కుంటూ వచ్చేవారిని వెంటాడనక్కర లేదు కదా.

ఏడో మెట్టు: ఎవరైనా మిమ్మల్ని గమనిస్తున్నారని అనుమానం వస్తే

2021లో ఆపిల్ తెచ్చిన ఎయిర్‌ట్యాగ్ అనే చిన్న ట్రాకర్ పోయిన తాళాలను వెతకడానికి పుట్టింది. మనుషుల సంచుల్లో దాచడానికీ వాడారు. మీది కాని ట్రాకర్ మీతో పాటు కదులుతుంటే హెచ్చరించే ఏర్పాటును 2024 మేలో ఆపిల్, గూగుల్ కలిసి రెండు రకాల ఫోన్లలోనూ ప్రవేశపెట్టాయి. ఆ హెచ్చరికలు ఆపి ఉంటే తిరిగి పెట్టండి. ఆ తరువాత గూగుల్ మ్యాప్స్‌లో, ఐఫోనులో పరికరాలను వెతికే ఫైండ్ మై యాప్‌లో, కుటుంబ ఖాతాలో మీ చోటు ఎవరితో పంచుకుంటున్నారో ఒక్కొక్కటీ చూడండి. ఖాతాలోకి లాగిన్ అయి ఉన్న పరికరాల జాబితాలో మీకు తెలియనిది ఉందేమో వెతకండి.

అనుమానం హింసించే భాగస్వామి మీద అయితే వెంటనే ఏదీ ఆపవద్దు. చుక్క మాయమవడమే అతనికి హెచ్చరిక అవుతుంది. ముందు వేరొకరి ఫోను నుంచి సహాయం కోరండి, ఎక్కడికి వెళ్లాలో నిర్ణయించుకోండి. ట్రాకర్ దొరికితే దొరికిన చోటే ఫొటో తీయండి. దాని క్రమసంఖ్య రాసుకోండి, పోలీసులకు అది కావలసి వస్తుంది. ఎయిర్‌ట్యాగ్ అయితే వెనుక మెటల్ మూతను నొక్కి గడియారం ముల్లుకు వ్యతిరేక దిశలో తిప్పితే బ్యాటరీ ఊడివస్తుంది. మీరు సురక్షితమైన చోటికి చేరాకే ఆ పని చేయండి.